110 ఫిలింకు ఏది మేలు: డయానా బేబీనా, పాత కొడాక్ పాకెట్ ఇన్‌స్టామాటికా?

110 అనే చిన్న సైజు ఫిలిం కార్ట్రిడ్జి (ఫిలిం లోపలే ఉండే ప్లాస్టిక్ డబ్బీ) వేసే బుల్లి కెమెరా కొనాలనుకునే పాఠకులు నన్ను మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఒకటే: లోమోగ్రఫీ కంపెనీ వారి ప్లాస్టిక్ డయానా బేబీ తీసుకోవాలా, లేక 1970ల నాటి కొడాక్ పాకెట్ ఇన్‌స్టామాటిక్ ఎక్కడైనా దొరికితే దాన్ని తెచ్చుకోవాలా? ఈ మధ్యనే రెండింటిలోనూ చెరో రెండు కార్ట్రిడ్జిలు పూర్తిచేసి, ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని స్నేహితుడికి ఇచ్చేశాను కనుక ఇప్పుడు సమాధానం చెప్పగలననుకుంటున్నాను.

ఫిలిం విషయంలో రెండింటికీ తేడా లేదు. 2009లో ఫూజీ కూడా 110 తయారీ ఆపేసిన తరువాత, 2012లో లోమోగ్రఫీ ఓర్కా అనే నలుపు తెలుపు ఫిలింతో దీన్ని మళ్లీ బతికించింది. తరువాత వచ్చిన టైగర్ అనే రంగుల ఫిలిం కూడా రెండు కెమెరాల్లోనూ పనిచేస్తుంది. టైగర్‌ను కడగడం రంగుల ఫిలింకు వాడే మామూలు సి-41 రసాయనాలతోనే, ఓర్కాను కడగడం నలుపు తెలుపు ఫిలిం రసాయనాలతోనే జరుగుతుంది కానీ, 110 ఫిలిం వెడల్పు 16 మిల్లీమీటర్లే కాబట్టి, స్కాన్ చేయడానికి తగిన హోల్డరు ఉందో లేదో ల్యాబును ముందే అడగడం అవసరం. నా మొదటి కార్ట్రిడ్జిని ఒక ల్యాబువారు 35 ఎంఎం హోల్డరులో ఎలాగో సర్ది స్కాన్ చేయడంతో ఫిలిం వంగి, సగం ఫ్రేముల్లో ఒక అంచు మసకబారింది.

నా దృష్టిలో అసలు తేల్చవలసింది కెమెరా చేతిలో ఎలా కుదురుతుందన్నదే. 110 నెగెటివు 13×17 మిల్లీమీటర్లు, అంటే 35 ఎంఎం ఫ్రేములో దాదాపు నాలుగో వంతు. దాన్ని ఆరంగుళాల ప్రింటుగా వేయాలంటే సుమారు తొమ్మిది రెట్లు పెంచాలి. అంత పెంచేసరికి ఫిలిం రేణువులూ, సాదా లెన్సు మెత్తదనమూ కలిసి వివరాల్లో చాలా భాగాన్ని ముందే తినేస్తాయి. మిగిలిన ఆ కాస్తా నొక్కేటప్పుడు కలిగే కుదుపులో పోతే బొమ్మలో చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు.

దీన్ని పరీక్షించడానికి మా వాకిట్లోని చుక్కల ముగ్గును ఎంచుకున్నాను. ఎండ బాగా పడుతుండగా, రెండు మీటర్ల దూరం నుంచి, ఒకే రకం ఫిలింతో, ఒక్కో కెమెరాతో నాలుగేసి ఫోటోలు తీశాను. కొడాక్‌తో తీసిన నాలుగింటిలో మూడింట్లో చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి. డయానా బేబీతో తీసిన నాలుగింటిలో ఒక్కటే అలా వచ్చింది. తక్కిన మూడింట్లో ప్రతి చుక్కా కిందికి సాగి పొట్టి గీతగా మారింది. ఆ కెమెరాలో లెన్సు పక్కనున్న చిన్న మీటను కిందికి నొక్కాలి, సాగింది కూడా సరిగ్గా ఆ దిశలోనే. బరువే లేని ప్లాస్టిక్ డబ్బాను వేళ్ల కొసలతో పట్టుకుని మీట నొక్కితే, మీటతో పాటు డబ్బా కూడా కదులుతుంది. కొడాక్ అలా కాదు; అది పొడుగాటి పలకలా ఉంటుంది, రెండు చివర్లా రెండు చేతులతో పట్టుకుంటే నుదుటికి ఆనుకుని నిలబడుతుంది, మీట వేలి కింద నెమ్మదిగా దిగుతుంది. 1972లో ఈ ఫిలింతో పాటు ఈ కెమెరాలను తెచ్చినవారు పట్టు గురించి ఎంత శ్రద్ధగా ఆలోచించారో దాన్ని చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది.

పాతది కొనేవారు మోడలు చూసుకోవాలి. 40, 50, 60 నంబర్ల వాటికి కావలసిన కె రకం బ్యాటరీ తయారీ ఎప్పుడో ఆగిపోయింది; 20 నంబరుదానికి బ్యాటరీతో పనే లేదు. ఇంకో మాట: ఫిలిం అంచున ఫ్రేముకు ఒకటి చొప్పున ఉండే రంధ్రంలో కొడాక్ లోపలి కొక్కెం పడితేనే షట్టరు సిద్ధమవుతుంది. కాబట్టి ఒకే ఫ్రేము మీద రెండు బొమ్మలు వేయడం దానితో కుదరదు.

డయానా బేబీ బలం సరిగ్గా ఇక్కడే ఉంది. ఫిలిం తిప్పకుండా ఎన్నిసార్లు నొక్కినా అది కాదనదు. వేప కొమ్మల మీద మా అమ్మ ముఖం పడిన ఫ్రేము ఒకటి దానితోనే వచ్చింది, అది నాకు చాలా ఇష్టం. 24 ఎంఎం లెన్సు తీసి, ఎక్కువ దృశ్యం పట్టే 12 ఎంఎం లెన్సు పెట్టుకునే వీలు కూడా ఉంది. ఇలాంటి బొమ్మలే కావాలనుకునేవారికి కొడాక్ సాయపడదు.

కార్ట్రిడ్జి వెనకకే తగిలించే తాళాలగుత్తి కెమెరాలు ముచ్చటకు పనికొస్తాయి, అంతే. పెంటాక్స్ ఆటో 110 చాలా మంచిదే కానీ, అది ఎస్ఎల్ఆర్, అంటే ఫోటో తీసే లెన్సు గుండానే చూసే రకం. ఈ పోలికలోకి రాదు.

నేను ఉంచుకున్నది కొడాక్ 20. ఇప్పటికే డయానా బేబీ కొన్నవారు మాత్రం మీటను ఒక్కసారిగా కిందికి నొక్కకుండా, బొటనవేలిని కెమెరా అడుగున ఆనించి, చూపుడువేలిని మీట మీద పెట్టి, గిల్లినట్లుగా రెంటినీ దగ్గరికి తేవాలి. మోచేతులు పక్కటెముకలకు ఆనాలి, వీలుంటే కెమెరాను గుమ్మానికో స్తంభానికో చేర్చి పట్టుకోవాలి. ముగ్గు చుక్కలు చుక్కలుగా వచ్చిన ఆ ఒక్క ఫోటోను నేను అరుగు స్తంభానికి ఆనించే తీశాను.