ఒకటో శ్రుతిలో పాడిన డబ్బా: సైలెంట్ పీసీతో నాలుగేళ్లు

ముందే చెప్పేస్తాను, నేను గేమ్స్ ఆడను, నా సిస్టంలో గ్రాఫిక్స్ కార్డే లేదు, ఫ్రేములు ఎన్నొస్తున్నాయని అడిగేవాళ్లకి ఇందులో ఏమీ దొరకదు. మాది విజయనగరం, తోటపాలెం. మా మావయ్య వయొలిన్ పాఠాలు చెప్తారు. మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్న మనిషి. కరోనా టైములో ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టారు, ఇక ఆపలేదు. ఆ పాఠాలు రికార్డు చేసి, కత్తిరించి, పిల్లలకి పంపే పని నాది. మైకు ఉండే గది, కంప్యూటర్ ఉండే గది ఒకటే, ఇంట్లో ఇంకో గది ఖాళీ లేదు. నా గోలంతా దాని మూలంగానే.

పాత కంప్యూటర్ సంగతి. 2021 వర్షాకాలంలో ఒక రోజు మావయ్య వయొలిన్ శ్రుతి చేసుకుంటూ మధ్యలో ఆగిపోయారు. "ఒరే, ఏటిరా అది? ఎవరో ఒకటో శ్రుతిలో తంబూరా మీటుతున్నట్టుంది" అన్నారు. నేను నవ్వేశాను. ఆ రాత్రి ఎందుకో అనుమానం వచ్చి, ఖాళీ గదిని ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఓ నిమిషం రికార్డు చేసి స్పెక్ట్రమ్ చూస్తే 130 హెర్ట్జ్ దగ్గర సూదిలా ఒక గీత లేచి ఉంది. మూత విప్పి కంప్యూటర్ డబ్బాకి (కేసుకి) ఉన్న ఫ్యాన్ ఆకులు లెక్కపెట్టాను, ఏడు. మదర్‌బోర్డు చూపిస్తున్న వేగం నిమిషానికి 1120 చుట్లు. దాన్ని అరవైతో భాగించి ఏడుతో గుణిస్తే 130 చిల్లర. ఒకటో శ్రుతి షడ్జమం, అంటే 'స', కింది స్థాయిలో ఉండేది 130.8 దగ్గర. మావయ్య చెవి ముందు నా లెక్క ఎందుకూ పనికిరాలేదు. అప్పట్నుంచి ఏ ఫ్యాన్ కొన్నా ముందు ఆకులు లెక్కపెడతాను.

సరే, కొత్తది కట్టేద్దాం అనుకున్నాం. అప్పుడే రైజెన్ 5 5600జీ విడిగా అమ్మకానికి వచ్చింది. 65 వాట్ల ప్రాసెసర్, గ్రాఫిక్స్ లోపలే ఉంటాయి, ఆడియో పనికీ మామూలు వీడియో ఎడిటింగ్‌కీ చాలు, పైగా కార్డు లేకపోతే దాని ఫ్యాన్ల చప్పుడు కూడా ఉండదు. దీని దగ్గర నేను తప్పు చేయలేదు, ఈ రోజు కట్టినా ఇదే దారిలో వెళ్తాను. తప్పు చేసింది కేసు దగ్గర.

సైలెంట్ కేసు అనగానే అందరం ఒకటే ఊహించుకుంటాం: ముందు తలుపు, పక్క పలకల లోపల నల్లటి పొర, పైన మూత, అంతా బిగుతుగా. నేనూ అలాంటిదే ఒకటి తెప్పించాను, పేరు అనవసరం, ఆ తీరు కేసులు చాలానే ఉన్నాయి. పార్శిల్ విప్పి మావయ్యకి చూపిస్తే ఆ తలుపు రెండుసార్లు తెరిచి మూశారు. "ఈ ఊరికి ఒక్క ద్వారం వెంకటస్వామి నాయుడు గారు చాలు, నీ ద్వారం శ్రుతిగా ఉంటుందో ఉండదో చూద్దాం" అన్నారు. ఆ వయొలిన్ విద్వాంసుడి ఇంటిపేరు మీద చమత్కారం అది.

చలికాలం అంతా బాగానే ఉంది. అసలు ఆన్ అయిందా లేదా అని లైటు చూసుకునేవాణ్ణి. ఏప్రిల్ వచ్చింది. ఇక్కడ మన ఊళ్ల సంగతి ఒకటి చెప్పాలి, విదేశీ రివ్యూల్లో ఇది కనపడదు. వాళ్లు 20, 22 డిగ్రీల గదిలో కొలిచి చూపిస్తారు. మనం సీలింగ్ ఫ్యాన్ కింద బతికేవాళ్లం. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ కంప్యూటర్ చప్పుడు ఎవడికి వినపడుతుంది? కానీ రికార్డింగ్ అనగానే చేసే మొదటి పని సీలింగ్ ఫ్యాన్ ఆపడం, రెండోది కిటికీలు మూయడం, ఎందుకంటే బయట కొబ్బరిబోండాల బండి ఉంటుంది, పక్కింటి మోటారు ఉంటుంది, మనది జంక్షన్ కాబట్టి గూడ్స్ బళ్లు ఎలాగూ ఉంటాయి. అరగంటలో గది 35 డిగ్రీలు దాటేది. అంటే కంప్యూటర్ సరిగ్గా ఎప్పుడు మూగగా ఉండాలో అప్పుడే దానికి ఒళ్లు కాలిపోయేది. తలుపు సందుల్లోంచి వచ్చే కాస్త గాలి చాలక ఫ్యాన్లు వేగం పెంచేవి, పెంచితే ఆ నల్ల పొర ఆపగలిగింది ఏమీ లేదు, చప్పుడు వెనక జాలీలోంచి హాయిగా బయటికొచ్చి గోడకి తగిలి మైకులోకి దూరేది. ప్రాసెసర్‌తో పాటు ఇచ్చే కూలర్ చిన్నది, చిన్న ఫ్యాన్ కాబట్టి గట్టిగా తిరగక దానికి వేరే దారి లేదు.

తలుపు తీసి ఉంచితే ఏడెనిమిది డిగ్రీలు తగ్గింది. మరి తలుపు తెరిచి పెట్టుకోవడానికి తలుపున్న కేసు దేనికి?

ఇంకో చిత్రం జరిగింది ఆ కేసులో. ఒకటో శ్రుతి పోయింది గానీ దాని బదులు "ఊం... ఊం... ఊం" అని అలలా ఏదో వచ్చిపోతుండేది, సెకనుకి మూడు నాలుగుసార్లు. మావయ్య లేచి వెళ్లి కేసు పక్క పలక మీద అరచెయ్యి ఆనించారు, తంబూరా తీగల్ని ఆపినట్టు. చప్పుడు సగానికి పడిపోయింది. చెయ్యి తీస్తే మళ్లీ మొదలు. "ఇవి రెండు గొంతులురా, ఒకదానికొకటి కలవట్లేదు" అన్నారు. నిజమే. నా 4 టీబీ హార్డ్ డిస్క్ 7200 చుట్లది, అంటే సెకనుకి సరిగ్గా 120. ముందు ఫ్యాన్ 1000 దగ్గర తిరుగుతుంటే దాని ఆకుల లెక్క 116, 117. రెండూ దగ్గర దగ్గర స్వరాలు కాబట్టి ఒకదాన్నొకటి పెంచుతూ తుంచుతూ ఉన్నాయి. శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు కలవకపోతే ఎలా కొట్టుకుంటాయో అచ్చం అలాగే. డిస్క్ కింద రబ్బరు వాషర్లు వేశాను, కొంత తగ్గింది. చివరికి డిస్క్‌నే కేసులోంచి తీసేసి, హాల్లో ఉన్న పాత లాప్‌టాప్‌కి తగిలించి నెట్‌వర్క్‌లో పెట్టాను. ఇప్పుడు సిస్టంలో ఉన్నది ఒక్క ఎన్‌విఎంఈ ఎస్ఎస్‌డీ, దానికి తిరిగే ముక్కే లేదు. ఈ నాలుగేళ్లలో పైసా ఖర్చు లేకుండా ఎక్కువ నిశ్శబ్దం ఇచ్చిన పని ఇదే, కేసు మార్చకముందే ఇది చేసి ఉంటే కొంత డబ్బు మిగిలేది.

రెండు ఎండాకాలాలు ఓర్చుకుని 2023 జులైలో కేసు మార్చాను. లియాన్ లీ లాన్‌కూల్ 216. ముందంతా జల్లెడ, తలుపూ లేదు నల్ల పొరా లేదు. ముందు 160 ఎంఎం ఫ్యాన్లు రెండు, వెనక 140 ఎంఎంది ఒకటి దాంతోనే వస్తాయి. విశాఖ ద్వారకానగర్‌లో షాపతను "లైట్లున్నది తీసుకోండి సార్, పెద్ద తేడా ఉండదు రేటులో" అని తెగ చెప్పాడు, వద్దన్నాను. నాకు కావలసింది ఆ 160 ఎంఎం ఒక్కటే. ఫ్యాన్ పెద్దదైతే మెల్లగా తిరిగినా చాలినంత గాలి తోస్తుంది. వేగాన్ని సగం చేస్తే గాలి సగమే తగ్గుతుంది, చప్పుడు మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే చెవికి సగం అయినట్టు అనిపిస్తుంది, ఇక పదిహేనంటే చూసుకోండి. నా దగ్గర ముందు ఫ్యాన్లు 500 దగ్గర తిరుగుతాయి, ఎండాకాలం మధ్యాహ్నం ఎడిట్ చేసిన వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు 700. కేసు బరువైనదే, పెద్దదే, మా టేబుల్ కింద పట్టక పక్కన స్టూలు మీద పెట్టాను. స్టూలు చెక్కది కదా, అది కూడా సన్నగా మోగేది. కాళ్ల కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు మడిచి పెడితే ఆగింది.

కూలర్ నాక్టువా ఎన్‌హెచ్-యూ12ఎస్ రిడక్స్. ఆ కంపెనీ మామూలు ఫ్యాన్లు బిస్కట్ రంగు, చాక్లెట్ రంగు కలిపి ఉంటాయి, రిడక్స్‌వి బూడిద రంగు, ధర కూడా కొంత తక్కువ. 65 వాట్ల ప్రాసెసర్‌కి ఇది ఎక్కువే, ఆ ఎక్కువే మనకి కావాలి, ఎంత ఎక్కువైతే ఫ్యాన్ అంత బద్ధకంగా తిరుగుతుంది.

కానీ పార్టులన్నీ మంచివే వేసి సెట్టింగులు ముట్టుకోకపోతే సగం డబ్బు వృథా. రైజెన్‌కి ఒక గుణం ఉంది, బ్రౌజర్ తెరిస్తే చాలు టెంపరేచర్ ఒక్క క్షణం పది పదిహేను డిగ్రీలు ఎగిరి మళ్లీ పడుతుంది. ఫ్యాన్ కూడా దాని వెంటే ఎగురుతుంది, హుయ్య్ మని లేచి తగ్గి, మళ్లీ లేచి. ఒకే తీరున వచ్చే చప్పుడుని చెవి కాసేపటికి వదిలేస్తుంది, ఎడిటింగ్‌లో నాయిస్ రిడక్షన్ కూడా తీసేయగలదు, ఈ పైకీ కిందికీ ఊగే చప్పుడుని మాత్రం రెండూ వదలవు. కాబట్టి కంప్యూటర్ ఆన్ అవగానే తెరుచుకునే సెట్టింగుల తెర, బయోస్‌లో 65 డిగ్రీల వరకు ఫ్యాన్ వేగం ఒకటే ఉండేలా గీత చదునుగా పెట్టేశాను, ఆ పైన మెల్లగా ఎక్కేలా, ఎక్కే ముందు కొన్ని సెకన్లు ఆగేలా. ఈకో మోడ్‌లో ప్రాసెసర్ వాడే కరెంటుని 45 వాట్లకి కూడా దించాను. పదిహేను నిమిషాలు పట్టే ఎక్స్‌పోర్ట్ ఇప్పుడు పదిహేడు పడుతుంది, ఆ రెండు నిమిషాల్లో టీ తాగొచ్చు.

ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి కొలిచి నంబర్లు చెప్పేవాళ్లని నేను నమ్మను, ఇంత తక్కువ చప్పుడు కొలవడం ఫోన్ మైకు వల్ల కాదు. నా కొలత ఒకటే: అదే మైకు, అదే చోటు, అదే గెయిన్, రాత్రి పదకొండు దాటాక ఖాళీ గది. పాత డబ్బాతో నాయిస్ మైనస్ 51 డెసిబెల్స్ దగ్గర ఉండేది (మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ చప్పుడు తక్కువ), తలుపు కేసుతో చలికాలం మైనస్ 58, ఎండాకాలం మళ్లీ 52. ఇప్పుడు ఏ కాలమైనా 62, 63. అంతకంటే కిందికి పోదు, ఎందుకంటే ఇప్పుడు వినపడుతున్నది వంటింట్లో ఫ్రిజ్.

ఇబ్బందులు లేవని కాదు. జల్లెడ కేసు కాబట్టి లోపల ఏది చిన్నగా మూలిగినా నేరుగా బయటికి వినపడుతుంది. నా ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె) 650 వాట్లది, లోడ్ తక్కువున్నప్పుడు ఫ్యాన్ ఆగిపోయే రకం, కరెంటు మీద ఉన్నంతసేపూ పలకదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారగానే "జుయ్" అని కీచురాయిలా మొదలెడుతుంది. తప్పు ఎస్ఎంపీఎస్‌ది కాదు, మా ఇన్వర్టర్ పాత స్క్వేర్ వేవ్‌ది, సీలింగ్ ఫ్యాన్ కూడా దాని మీద గుర్రుమంటుంది. ప్యూర్ సైన్ వేవ్‌ది కొనాలి, కొనలేదు. కరెంటు పోతే ఆ పూటకి పాఠం ఆపేస్తాం.

ఇక దుమ్ము. ముందు జాలీ నెలకోసారి తీసి ట్యాపు కింద కడిగి ఆరబెట్టి పెడతాను, సిరిమాను పండగ రోజుల్లో మా వీధిలో జనం నడిచే నడకకి వారానికోసారి. పోయిన ఏడాది వెనక స్లాటు కవరు ఒకటి పెట్టడం మర్చిపోతే అందులోంచి బల్లి దూరి రెండు గుడ్లు పెట్టి పోయింది. మదర్‌బోర్డు కింద వెచ్చగా బాగుందనుకుందేమో. ఖాళీ స్లాట్లు మూయండి, చప్పుడు కోసం కాకపోయినా ఇందుకోసం.

వెనక 140 ఎంఎం ఫ్యాన్ మొన్న వేసవిలో టిక్ టిక్ మంటుంటే అరిగిపోయిందనుకుని కొత్తదానికి ఆర్డర్ కూడా పెట్టేశాను. తీరా చూస్తే వైరు తోక ఒకటి ఆకులకి తగులుతోంది. దారంతో కట్టేశాను. కొత్త ఫ్యాన్ అట్టపెట్టెలోనే ఉంది.

ఆ తలుపు కేసు అటక మీద ఉంది, అమ్మేద్దామంటే అడిగినవాడు లేడు. దాని పక్క పలకల నల్ల పొరని మావయ్య ఊడదీయించి మైకు వెనక గోడకి అంటించమన్నారు, అంటించాను. ఆయన తేడా తెలుస్తోందంటున్నారు. నా చెవికైతే తెలియలేదు గానీ, ఒకటో శ్రుతి సంగతి జరిగాక నేను ఆయనతో వాదించడం మానేశాను.