బొటనవేలు నడిపించే సంగీతం: ఎనిమిదేళ్లుగా వింటున్న గిటార్ గురించి

ఎనిమిదేళ్ల కిందట కాలు విరిగి ఆపరేషన్ చేయించుకున్నాను. ఆరు వారాలు కాలు కింద మోపకూడదన్నారు. అప్పటిదాకా నాకు సంగీతమంటే పాట, పాటంటే మాటలు. మంచం మీద పడుకుని ఇష్టమైన పాటలన్నీ వింటూ రోజులు గడిపేయొచ్చు అనుకున్నాను. వారం తిరిగేసరికి ఒక్క పాట కూడా వినబుద్ధి కాలేదు. ప్రతి చరణం ఏదో ఒకటి గుర్తు చేసేది. విషాద గీతం పెడితే దిగులు, హుషారు పాట పెడితే చిరాకు. ఒకరోజు అర్ధరాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో వెతుకుతుంటే గొంతు లేని, డ్రమ్స్ లేని, అకూస్టిక్ గిటార్ ఒక్కటే మోగే ట్రాక్ దొరికింది. మూడు నిమిషాలు కూడా లేదు. అయిపోగానే మళ్లీ పెట్టాను. తెల్లవారేదాకా ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు.

అప్పటినుంచి దాదాపు రోజూ వింటున్నాను. మనసుకు హుషారు ఇస్తుందని అందరూ అనే ఈ సంగీతం నిజంగా ఇస్తుందా, ఇస్తే ఎలా ఇస్తుంది, ఎక్కడ ఇవ్వదు అన్నది ఇన్నేళ్ల అనుభవంతో చెప్పాలనిపించింది.

ముందుగా ఆ హుషారు ఎక్కడుందో చెబుతాను. చాలాకాలం అది ట్యూన్‌లో ఉందనుకున్నాను. మేజర్ స్కేల్, అంటే మన శంకరాభరణం స్వరాలే కదా, అందుకే వెలుతురుగా ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. తర్వాత తెలిసింది, అసలు పని చేసేది కుడిచేతి బొటనవేలు. ఫింగర్‌స్టైల్‌లో, అంటే వేళ్లతో మీటే పద్ధతిలో ఒకటైన ఈ బాణీలో బొటనవేలు లావు తీగల మీద ఒకటి విడిచి ఒకటి మీటుతూ ఆగకుండా నడుస్తుంటుంది. ధుం, ధం, ధుం, ధం. మిగతా వేళ్లు సన్న తీగల మీద రాగం పలికిస్తాయి. రాగం ఆగుతుంది, తడబడినట్టు చేస్తుంది, ఒక స్వరం ముందుగానే వచ్చేస్తుంది, ఇంకొకటి ఆలస్యంగా వస్తుంది. బొటనవేలు మాత్రం తన నడక మార్చదు. పైన పిల్లవాడు గెంతుతుంటే పక్కన చెయ్యి పట్టుకుని నడిచే పెద్దమనిషిలా ఉంటుంది. వాయించేది ఒక్కరే, వినిపించేది ఇద్దరు. ఆ నిలకడ మీద ఆ ఆట చూస్తుంటే మనసు తేలికపడుతుంది.

ఈ బొటనవేలి బాణీకి ట్రావిస్ పికింగ్ అనే పేరు వచ్చింది అమెరికాలోని కెంటకీకి చెందిన గిటారిస్టు మెర్ల్ ట్రావిస్ వల్ల. ఆయన ఎక్కువగా బొటనవేలు, చూపుడువేలు, ఈ రెండింటితోనే అంతా వాయించేవాడు. కుర్రవాడిగా ఉన్న చెట్ అట్కిన్స్ ఆ వాయిద్యాన్ని రేడియోలో విన్నాడు. చూసే అవకాశం లేదు కాబట్టి ఇంకా ఎక్కువ వేళ్లు వాడుతున్నాడేమో అనుకుని, తన మిగతా వేళ్లకు కూడా పని నేర్పుకున్నాడు. అలా ఒక పొరపాటు ఊహలోంచి ఆయన సొంత బాణీ పుట్టింది. తర్వాత ఆస్ట్రేలియాలో టామీ ఇమ్మాన్యుయేల్ అనే చిన్న పిల్లవాడు చెట్ అట్కిన్స్‌ను కూడా రేడియోలోనే విని ఆ దారి పట్టాడు. 1999లో చెట్ అట్కిన్స్ స్వయంగా ఆయనకు ‘సర్టిఫైడ్ గిటార్ ప్లేయర్’ అనే బిరుదు ఇచ్చాడు. వినికిడి ద్వారానే చేతులు మారుతూ వచ్చిన విద్య ఇది. వింటూ నేర్చుకున్నవాళ్ల సంగీతం కాబట్టే వినేవాళ్లకు ఇంత దగ్గరగా ఉంటుందని నా నమ్మకం.

ఆరు వారాలు అయ్యాక నడక నేర్పడానికి ఫిజియోథెరపీ మొదలైంది. భయం. విరిగిన కాలి మీద బరువు వేయాలంటే ఒళ్లంతా బిగుసుకుపోయేది. అడుగు వేసి, ఆగి, ఆలోచించి, మళ్లీ వేసేదాన్ని. “ఆలోచించకండమ్మా, లయలో నడవండి” అని ఫిజియోథెరపిస్టు పదేపదే చెప్పేవారు. ఒకరోజు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నాకు బాగా తెలిసిన ఆ మొదటి ట్రాక్ పెట్టుకున్నాను. బొటనవేలి దెబ్బలు రెండు పడేసరికి ఒక అడుగు. లావు తీగ మోగితే ఎడమ, అది మళ్లీ మోగితే కుడి. వాకర్ పట్టుకుని గది ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్లాను, ట్రాక్ అవ్వకముందే వెనక్కి వచ్చాను. మధ్యలో ఆగలేదు. ఆగలేదన్న సంగతి కూడా మంచం మీద కూర్చున్నాకే తెలిసింది. గిటార్ నా కాలిని బాగుచేసిందని అనను, ఆ పని చేసింది డాక్టర్లు, వ్యాయామం. కానీ భయం నా చెవిలో మాట్లాడకుండా చేసింది మాత్రం ఆ బొటనవేలే.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. దయచేసి ఈ సంగీతాన్ని ఫోన్ స్పీకర్‌లో వినకండి. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ మామూలు శ్రుతిలో సుమారు 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్ అంత కింది స్వరాన్ని సరిగ్గా పలికించలేదు. బొటనవేలి పని మొత్తం ఆ లావు తీగల మీదే కాబట్టి మీకు రాగం మాత్రం సన్నగా వినిపిస్తుంది, కింది నడక పోతుంది. “బాగానే ఉంది కానీ అంత ప్రత్యేకంగా ఏముంది?” అని నన్నడిగిన వాళ్లలో చాలామంది అలా విన్నవాళ్లే. ఖరీదైనవి అక్కర్లేదు, చెవిలో సరిగ్గా కూర్చునే మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు.

అలా వింటే ఇంకొకటి కూడా వినిపిస్తుంది. లావు తీగలకు పైన సన్నటి లోహపు తీగ చుట్టి ఉంటుంది. ఎడమచేతి వేళ్లు ఒక చోటినుంచి ఇంకో చోటికి జరిగినప్పుడు ఆ చుట్ల మీద రాసుకుని ‘కీచ్’మని చిన్న చప్పుడు వస్తుంది. కొందరికి అది నచ్చదు, రికార్డింగ్‌లో తగ్గించేస్తారు. నాకు మాత్రం అది కావాలి. ఆ చప్పుడు వినగానే అక్కడ ఒక మనిషి ఉన్నాడు, ఇప్పుడే చెయ్యి జరిపాడు అని తెలుస్తుంది. రాత్రి రెండింటికి ఒంటరిగా మేలుకుని ఉన్నవాళ్లకు అది చిన్న సంగతి కాదు.

శ్రుతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది అదే. అందరూ గిటార్‌ను ఒకేలా శ్రుతి చేయరు. 1960లలో ఇంగ్లండ్‌కు చెందిన డేవీ గ్రాహం ప్రచారంలోకి తెచ్చిన ఒక పద్ధతిలో ఆరు తీగలూ డి, ఏ, డి, జి, ఏ, డి అని ఉంటాయి. డి ని షడ్జమం అనుకుంటే మన లెక్కలో స, ప, స, మ, ప, స. చూశారా, గాంధారం లేదు. పాశ్చాత్య సంగీతంలో ఒక కార్డ్, అంటే కలిపి మోగించే స్వరాల గుంపు, సంతోషంగా వినిపించాలా, దిగులుగా వినిపించాలా అన్నది ఎక్కువగా ఆ గాంధారమే తేలుస్తుంది. అది లేకపోవడంతో ఉత్తి తీగలు మీటినా అటూ ఇటూ కాని ఒక విశాలమైన ధ్వని వస్తుంది. తంబూరా అలవాటైన చెవికి మొదటిసారే అది పరిచయమున్నట్టు అనిపిస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన పియర్ బెన్సుసాన్ దాన్నే తన ప్రధాన శ్రుతిగా చేసుకుని వాయిస్తాడు. సంతోషించమని బలవంతపెట్టని సంగీతం కావాలంటే అక్కడ మొదలుపెట్టండి.

ఇక నచ్చనివి. పెద్ద ఫిర్యాదు ప్లేలిస్టుల గురించే. ‘ప్రశాంతమైన గిటార్’ లాంటి పేర్లతో వచ్చేవాటిలో చాలావరకు అవే నాలుగు కార్డులు, అదే ప్రతిధ్వని. పది ట్రాకులు విన్నాక ఏది ఎక్కడ ముగిసిందో తెలియదు. రెండో ఏడాదిలో నేను అచ్చంగా అవే విన్నాను, పని చేసుకుంటూ రోజుకు ఐదారు గంటలు. ఈ సంగీతంతో విసుగెత్తింది ఆ ఒక్క ఏడాదే. తప్పు గిటార్‌ది కాదు, ఫ్యాన్ చప్పుడులా వాడుకున్న నాది. తర్వాత పద్ధతి మార్చాను. ఒక కళాకారుడిని ఎంచుకుని ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా, ఇంకే పనీ పెట్టుకోకుండా రోజుకు ఇరవై నిమిషాలు వినడం. నెల తిరక్కుండానే మళ్లీ ప్రాణం వచ్చింది.

గిటార్ పెట్టెను డ్రమ్‌లా కొడుతూ, రెండు చేతులతో మెడ మీద తట్టుతూ వాయించే బాణీ కూడా ఉంది. మైకేల్ హెడ్జెస్ 1980లలో ఆ పద్ధతిలో చేసింది నిజంగా కొత్త లోకం. కానీ ఆ తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది దగ్గర చెయ్యి కనిపిస్తుంది కానీ రాగం గుర్తుండదు. వీడియోలో చూడ్డానికి బాగుంటుంది, కళ్లు మూసుకుంటే మిగిలేది తక్కువ.

మరొకటి, కాస్త బరువైన మాట. మూడేళ్ల కిందట నాన్న పోయారు. ఆ నెలలో అలవాటు కొద్దీ నాకు ఇష్టమైన హుషారు ట్రాక్ పెడితే సగం నిమిషం కూడా భరించలేకపోయాను. ఆ పరుగు, ఆ వెలుగు అన్నీ పరాయివిగా అనిపించాయి. అప్పుడు ఆదుకున్నది నైలాన్ తీగల గిటార్. ఉక్కు తీగలకున్న మెరుపు దానికి ఉండదు, స్వరం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. మీటిన స్వరం పుట్టి, తగ్గి, పూర్తిగా ఆగిపోయాకే ఇంకో స్వరం వచ్చే నెమ్మది రచనలు విన్నాను. వేణువులా, వయొలిన్‌లా స్వరాన్ని పట్టి నిలబెట్టడం గిటార్‌కు చేతకాదు, మీటగానే తగ్గడం మొదలవుతుంది. ఆ రోజుల్లో నాకు కావలసింది అదే అయింది. ఆరు వారాలకో ఏడు వారాలకో ఒక ఉదయం నా అంతట నేనే ఉక్కు తీగల ట్రాక్ పెట్టుకున్నాను. కాబట్టి దుఃఖంలో ఉన్నవాళ్లకు ఎవరైనా హుషారు గిటార్ పంపాలనుకుంటే కొంచెం ఆగండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా వరస: చెట్ అట్కిన్స్ ఒక్క గిటార్‌తో వాయించినవి, తర్వాత టామీ ఇమ్మాన్యుయేల్, కాస్త నెమ్మది కావాలనుకుంటే విలియం ఆకర్‌మన్. ఈయన వడ్రంగి పని చేస్తూ గిటార్ వాయించేవాడు, 1976లో స్నేహితులు పోగుచేసిన డబ్బుతో మొదటి ఆల్బమ్ రికార్డు చేశాడు. చెక్క తెలిసిన మనిషి వాయించినట్టే ఉంటుంది అది.

నాలుగు నెలల కిందట స్నేహితురాలి గిటార్ అడిగి తెచ్చుకున్నాను. రాగం జోలికి పోకుండా బొటనవేలు ఒక్కటే రోజుకు పది నిమిషాలు సాధన చేస్తున్నాను. చూపుడువేలు కలపగానే బొటనవేలు దాని వెంట పోయేది. నిన్న రాత్రి ఎనిమిది ఆవర్తాలు పోకుండా నిలబడింది. ధుం, ధం, ధుం, ధం. కుర్చీ కింద నా కుడి పాదం దాంతోపాటే కదులుతూ ఉంది.