మాస్కా, టీకానా? లెక్క కడితే ఏది మేలు?

అంటువ్యాధుల లెక్కల్లో చాలావాటికి పునాది 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే శాస్త్రవేత్తలు వేసిన మోడల్. జనాన్ని వాళ్లు మూడు భాగాలు చేశారు: ఇంకా సోకనివాళ్లు, సోకి అంటిస్తున్నవాళ్లు, తేరుకునో చనిపోయో ఆ లెక్కలోంచి తప్పుకున్నవాళ్లు. ఆ మోడల్‌ని సరిచూసుకోవడానికి తీసుకున్నది మన బొంబాయిలో 1905-06 నాటి ప్లేగు మరణాల లెక్కే.

ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడన్నదే ఆర్ విలువ. తొలి రకం కరోనాకు అది 3 అనుకుందాం. ఒకటి కన్నా తగ్గితే జబ్బు దానంతటదే సన్నగిల్లుతుంది.

ముందు మాస్క్. వైరస్‌ని సగమే ఆపే మాస్క్‌ని నూటికి 60 మంది పెట్టుకున్నారనుకోండి. 30 శాతం తగ్గుతుందేమో అనిపిస్తుంది. కానీ మాస్క్ రెండుచోట్ల పనిచేస్తుంది: దగ్గేవాడి నోటి దగ్గర ఒకసారి, పీల్చేవాడి ముక్కు దగ్గర ఇంకోసారి. అందుకే 0.7ని మళ్లీ 0.7తో గుణించాలి. వచ్చేది 0.49. అంటే 3 కాస్తా 1.47 అవుతుంది.

అదే 60 మందికి, వ్యాప్తిని 80 శాతం ఆపే టీకా వేస్తే? ఈ సాదా లెక్కలో టీకా తగ్గింపు ఒక్కసారే పడుతుంది కాబట్టి 1.56. సగమే ఆపే గుడ్డముక్క అంత మంచి టీకాని దాటేసింది!

ఇక్కడే జాగ్రత్తపడాలి. మాస్క్ తీసేసిన రోజున ఆర్ మళ్లీ 3కి ఎగబాకుతుంది, టీకా రక్షణ నెలల తరబడి ఉంటుంది. పైగా టీకా వేసుకున్నవాడికి జబ్బు సోకినా ప్రాణం మీదికి వచ్చే ముప్పు బాగా తగ్గుతుంది. ఆ మేలు ఆర్ విలువలో కనబడదు. మాస్క్‌కి నేనిచ్చిన 50 శాతం కూడా ధారాళమే. గడ్డం కిందికి లాగిన మాస్క్, పెళ్లి భోజనాల్లో జేబులోకి పోయిన మాస్క్ సున్నా కింద లెక్క. బంగ్లాదేశ్‌లో 600 ఊళ్లలో జరిపిన అధ్యయనంలో, ప్రోత్సహించిన ఊళ్లలో సరిగ్గా మాస్క్ పెట్టుకునేవాళ్లు 42 శాతం, మిగతా ఊళ్లలో 13 శాతం. లక్షణాలుండి రక్తపరీక్షలో తేలిన కేసుల్లో తేడా సుమారు 9 శాతమే.

మాస్క్‌కి తిరుగులేని బలం వేగం. మన దేశంలో టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. ఏప్రిల్, మే నెలల్లో డెల్టా రకం కరోనా ఊళ్ల మీద పడేసరికి చాలామందికి ఒక్క డోసూ అందలేదు. మాస్క్ అయితే పెట్టుకున్న క్షణం నుంచే పని మొదలు.

అందుకే నా ఓటు వరసకి: కెరటం లేస్తున్నప్పుడు మాస్క్, ఆ వ్యవధిలో టీకా. రెండూ కలిస్తే తగ్గింపులు ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. 60 శాతం మందికి ఆ మాస్క్, 50 శాతం మందికి ఆ టీకా కలిపితే 3 కాస్తా 0.88కి దిగుతుంది, విడివిడిగా ఏదీ ఒకటి దిగువకు తేలేకపోయినా. డెల్టాకు ఆర్ 6 అనుకుంటే, అదే టీకా అందరికీ వేసినా 1.2 దగ్గరే ఆగుతుంది. దానికి తోడు ఐదుగురిలో ఒక్కరు మాస్క్ పెట్టుకుంటే 0.97.