ఇంట్లో 45 మి.మీ. క్రోమ్ పోల్: ఏళ్ల తరబడి వాడాక

పోల్ డాన్స్ క్లాసులో చేరిన కొన్నాళ్లకే అందరూ అడిగే ప్రశ్న, ఇంట్లో ఒకటి బిగించుకోవచ్చా అని. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ కొన్నేళ్లుగా అలాంటి పోల్ మీదే సాధన చేస్తున్నాను. బిగించుకోవచ్చు. అయితే టీచర్ కళ్లముందు క్లైంబ్ (పోల్ ఎక్కడం), పోల్ సిట్ (తొడలతో పోల్ బిగించి కూర్చోవడం) రెండూ కుదిరాకే.

నాది నేలకీ శ్లాబుకీ మధ్య ఒత్తిడితో నిలబడే రకం, ఎక్కడా బెజ్జాలు వేయక్కర్లేదు. 50 మి.మీ. మందానివి కూడా దొరుకుతాయి గానీ పోటీల్లో నడిచేది 45, నాలాంటి చిన్న చేతులకి అదే బాగా చిక్కుతుంది. ఇత్తడిది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, కానీ రంగు మారుతుంది, తోముకుంటూ ఉండాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి క్రోమే చాలు.

కొనేముందు పైకి చూడండి. ఫాల్స్ సీలింగ్ ఉన్న గదిలో ఇది కుదరదు. జిప్సం బోర్డు మన బరువు దాకా ఎందుకు, బిగింపుకే పగులుతుంది. నేను ఫాల్స్ సీలింగ్ లేని గదిలో కాంక్రీటు దూలం కింద పెట్టించాను. మామూలు సెట్ తొమ్మిదడుగుల దగ్గర ఆగిపోతుంది. మన ఇళ్లలో చాలావాటికి శ్లాబు అంతకంటే ఎత్తు, కాబట్టి ఎక్స్‌టెన్షన్ ముక్క ఖర్చు కూడా కలుపుకోండి. రసమట్టంతో నిలువు చూసుకోవాలి, ఎక్కే ప్రతిసారీ ముందు బిగింపు సరిచూడాలి. అద్దె ఇంట్లో అయితే, తీసేశాక పైన రంగు మీద గుండ్రటి మచ్చ మిగులుతుందని ఓనరుకి ముందే చెప్పడం మంచిది.

అసలు కథంతా పట్టులో ఉంది. బట్ట మీద క్రోమ్ జారిపోతుంది, చర్మమే పట్టుకోవాలి. అమ్మ మొదటిసారి చూసి, "ఆ పొట్టి నిక్కరెందుకే?" అంది. లెగ్గింగ్స్‌తో ఎక్కి చూపించాను, సర్రున కిందికి వచ్చేశాను. మళ్లీ షార్ట్స్‌తో ఎక్కి తొడల మధ్య పోల్ బిగించి, చేతులు వదిలి కూర్చున్నాను. అమ్మ ఆ ప్రశ్న మళ్లీ వేయలేదు. ఈ విద్యకి ఆ బట్టలే పనిముట్లు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కొబ్బరి నూనె, బాడీ లోషన్ రాసుకున్న రోజు సాధన మానేయండి. నువ్వుల నూనెతో తలంటు పోసుకున్న ఆదివారం నేను పోల్ జోలికే వెళ్లను. స్తంభం మీద చేసే మన పాత వ్యాయామం మల్లఖంబంలో చెక్క స్తంభానికి ఆముదం పూస్తారు, అక్కడ రాపిడి తగ్గాలి. ఇక్కడ లోహం పొడిగా, చర్మం పొడిగా ఉండాలి, అలాగని మరీ ఎండిపోయినా పట్టదు. మే నెలలో అరచేతులు చెమట పట్టి జారతాయి, చేతులకి పూసుకునే లిక్విడ్ చాక్ అప్పుడే పనికొస్తుంది. డిసెంబరు పొద్దున లోహం చల్లగా ఉండి జారుతుంది, ఒళ్లు వేడెక్కేదాకా ఎక్కకూడదు. రెండు మూడు ప్రయత్నాలకోసారి స్పిరిట్‌తో తుడిస్తే చాలు, గరుకు పీచు తగలనివ్వకండి. ఉంగరాలు, గాజులు తీసేయాలి, అవి క్రోమ్‌ని గీరేస్తాయి.

తొడల లోపలివైపు, పాదం పైభాగాన కమిలిన మచ్చలు వస్తాయి. తొలి నెలల్లో పోల్ సిట్ నిజంగా మంట పుట్టిస్తుంది, పోనుపోను తగ్గుతుంది. భుజంలోనో మణికట్టులోనో సూదిలా పొడిచే నొప్పి అలాంటిది కాదు, వెంటనే దిగిపోవాలి. చేతులు సాగదీసి ఉత్తినే వేలాడకుండా భుజాన్ని కిందికి లాగిపట్టి ఉంచడం మొదట అలవాటు కావాలి. పోల్ చుట్టూ తిరిగే ఫైర్‌మన్ స్పిన్ అయినా, చెయిర్ స్పిన్ అయినా ఎడమవైపు కూడా చేయండి. కుడివైపే చేస్తూపోతే ఒక భుజమే బలపడుతుంది.

నా పోల్ అలెన్ కీతో స్టాటిక్ (పోల్ తిరగకుండా ఉండడం) నుంచి స్పిన్‌కి మారుతుంది. ఈ సౌకర్యం ఉన్నదే కొనమంటాను, అయితే మొదట్లో స్టాటిక్‌లోనే ఉంచండి. స్పిన్‌లో పోల్ మనతో తిరుగుతుంది, ఒంటిని దగ్గరకి లాక్కుంటే వేగం ఒక్కసారిగా పెరిగి కళ్లు తిరుగుతాయి. కాళ్లు దూరంగా చాపితే వేగం తగ్గుతుందన్నది ఒంటికి తెలిశాక దాని అందం వేరు, ఇప్పుడు నేను ఎక్కువగా చేసేది అదే.

ఇన్‌వర్ట్, అంటే తలకిందులయ్యే భంగిమ, మాత్రం ఇంట్లో ఒంటరిగా మొదలుపెట్టకండి. నేనిప్పటికీ కొత్త ఇన్‌వర్ట్ ఏదైనా స్టూడియోలో, టీచర్ పక్కన నిలబడి నడుము పట్టుకుంటేనే నేర్చుకుంటాను. ఇంటికొచ్చాక కింద మందపాటి క్రాష్ మ్యాట్ వేసుకుని, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే చేస్తాను. పోల్ కొనే డబ్బులోనే ఆ మ్యాట్‌కీ కొంత పక్కన పెట్టండి.