ఇరవై కిలోమీటర్లకు నాలుగు గంటలు: బాహా ఎడారిలో సాంటా మరియా మిషన్ దారి

ఉదయం ఏడున్నరకు రాంచో సాంటా ఇనెస్ నుంచి బయలుదేరాం. మట్టి గోడలు కంటపడేసరికి పదకొండున్నర అయింది. మధ్యలో ఉన్నది ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దారి మాత్రమే. నడిచి వచ్చినా ఇంచుమించు అంతే సమయం పట్టేది. అయినా నాకు ఆ నాలుగు గంటలూ ఇప్పటికీ రాయి రాయీ గుర్తున్నాయి.

మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం నడిమధ్యన, కటవీన్యా అనే చిన్న ఊరికి తూర్పున, కొండల నడుమ సాంటా మరియా దే లోస్ ఆంఖెలెస్ మిషన్ శిథిలాలు ఉన్నాయి. స్పెయిన్ ఏలుబడిలో క్రైస్తవ గురువులు స్థానిక తెగలను ఒకచోట చేర్చి, మతం ఇచ్చి, సేద్యం చేయించిన స్థావరాలే ఈ మిషన్లు. ద్వీపకల్పంలో చాలా మిషన్ల వద్దకు ఏదో ఒక బండి వెళ్తుంది. దీనికి మాత్రం నేల నుంచి బాగా ఎత్తున్న ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం, లో రేంజ్ గేరు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేరు) తప్పనిసరి. శాన్ డియేగోలో ఉండే మేము ముగ్గురం, నేను, మా బావ, మరో మిత్రుడు, ఫిబ్రవరి చివర్లో ఒక టొయోటా ఫోర్ రన్నర్, ఒక జీప్ తీసుకుని వెళ్లాం. ఇలాంటి దారికి ఒక్క బండితో వెళ్లకండి. బండి ఆగిపోతే సాయానికి కేక వేసినా వినేవారు ఉండరు, ఫోనుకు సిగ్నల్ ఉండదు.

ముందుగా సరిహద్దు సంగతి. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డు గానీ ఉంటే మెక్సికో వీసా వేరుగా అక్కర్లేదు. అయితే సరిహద్దు దగ్గర ఆగి ప్రవేశ పత్రం తీసుకోవాలి. చాలామంది ఆగకుండా వెళ్లిపోతారు, దారిలో అడిగినప్పుడు ఇబ్బంది పడతారు. అమెరికా కారు బీమా అక్కడి చట్టం దృష్టిలో చెల్లదు, మెక్సికో బీమా విడిగా కొనాలి. కొనేటప్పుడు మట్టి దారుల్లో జరిగే నష్టానికి వర్తిస్తుందో లేదో చదివి చూసుకోండి. మేము మొదట తీసుకోబోయిన పాలసీలో అది లేదు, చివరి నిమిషంలో మార్చుకున్నాం. ఒకటవ నంబరు జాతీయ రహదారి మీద సైనికుల తనిఖీలు రెండు మూడు చోట్ల ఉంటాయి. దిగమన్నప్పుడు దిగి, తలుపులు తెరిచి చూపిస్తే సరిపోయింది. మాతో మాట్లాడిన కుర్రవాళ్లందరూ మర్యాదగానే ఉన్నారు.

పెట్రోలు విషయంలో మాత్రం పట్టుదలగా ఉండాలి. రహదారి మీద కటవీన్యాకు ముందు వచ్చే ఎల్ రొసారియో ఊళ్లో ట్యాంకు నిండా పోయించుకోకుండా ముందుకు కదలవద్దు. ఆ తర్వాత నమ్మదగిన బంకు గెరెరో నెగ్రో చుట్టుపక్కలే, అంటే 300 కిలోమీటర్లకు పైగా దూరం. కటవీన్యాలో రోడ్డు పక్కన పీపాల్లోంచి పోసి అమ్ముతారు, ధర ఎక్కువ. అది ఆపదలో ఆదుకునే వ్యవస్థ, దాని మీద ఆధారపడి ప్రయాణం వేసుకోకూడదు. లో రేంజ్‌లో బండి పెట్రోలు ఎంత తాగుతుందో రహదారి లెక్కలతో అంచనా వేయలేం. మేము చెరో రెండు డబ్బాలు అదనంగా పట్టుకెళ్లాం, ఒకటి వాడాల్సి వచ్చింది. చీకటి పడ్డాక ఆ రహదారి మీద నడపడం మానుకోండి. రోడ్డుకు పక్క జాగా ఉండదు, ఆవులు వెచ్చదనం కోసం తారు మీదకు వచ్చి పడుకుంటాయి.

ఎల్ రొసారియో దాటాక దారి లోపలికి తిరుగుతుంది. ఆ తర్వాత 120 కిలోమీటర్లు కిటికీలోంచి తల తిప్పుకోలేం. సిరియో చెట్లు కనబడతాయి, తలకిందులుగా పాతిన ముల్లంగిలా, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ. దేవుడి ముందు వెలిగించే కొవ్వొత్తిలా ఉందని స్పానిష్ వాళ్లు ఆ పేరు పెట్టారు. ఇది బాహాలోనూ, సముద్రానికి అవతల సొనోరాలో ఒక చిన్న మేరలోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. కటవీన్యా దగ్గరకు వచ్చేసరికి ఇళ్లంత గ్రానైట్ బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు మొదలయ్యాయి. మా బావ బండి పక్కకు తీసి ఆపాడు. "చిన్నప్పటి జూబ్లీహిల్స్ ఇలాగే ఉండేది బావా," అన్నాడు. హైదరాబాదులో మేము పోగొట్టుకున్న బండలు ఇక్కడ ఎవరూ పగలగొట్టకుండా నిలిచి ఉన్నాయి. ఇదంతా 1980 నుంచి రక్షిత ప్రాంతం.

బసకు ఇక్కడ మూడు దారులున్నాయి. ఎల్ రొసారియోలో మోటెల్ తీసుకుంటే వేడినీళ్లు, మంచి భోజనం దొరుకుతాయి గానీ తెల్లవారాక రెండు గంటల ప్రయాణం మిగులుతుంది. కటవీన్యాలో హోటలు ఉంది, పిల్లలతో వచ్చేవారికి అదే మేలు. మేము రెండు రాత్రులూ రహదారికి కాస్త లోపలగా ఉన్న రాంచో సాంటా ఇనెస్‌లో టెంట్లు వేసుకున్నాం. మిషన్ దారి మొదలయ్యేది అక్కడినుంచే. మేము వెళ్తున్నట్టు అక్కడివాళ్లకు చెప్పి, సాయంత్రానికి రాకపోతే చూడమని కోరాం. ఆ ఒక్క మాట కోసమైనా అక్కడ ఉండడం మంచిదని నా అభిప్రాయం. రాత్రి బీన్స్, టోర్టియాలు పెట్టారు. శాకాహారులు ఒకటి గమనించాలి: ఈ ప్రాంతంలో బీన్స్‌ను తరచుగా పంది కొవ్వుతో వండుతారు. "సిన్ మాంటెకా" అని అడగండి, అంటే కొవ్వు లేకుండా అని.

పొద్దున్నే టైర్లలో గాలి 35 నుంచి 18 పీఎస్ఐకి దించాం. గాలి తగ్గితే టైరు రాయిని గుద్దుకోకుండా దాని చుట్టూ ఒదుగుతుంది, పట్టు పెరుగుతుంది. మొదటి ఐదారు కిలోమీటర్లు ఇసుక, కాక్టస్ మొక్కలు, పర్వాలేదు. తర్వాత బండలు. అక్కడినుంచి ఒకరు దిగి ముందు నడుస్తూ చేతులతో దారి చూపించాలి. ఆ పని ఎక్కువగా నేనే చేశాను, నాకు అదే ఇష్టం కూడా. "ఎడమ, ఎడమ, ఆగు బావా, ఇప్పుడు నెమ్మదిగా రా." మోకాలెత్తు రాయి మీదకు ముందు చక్రం ఎక్కి, ఒక్క క్షణం గాలిలో ఆలోచించినట్టు ఆగి, అవతలకు జారేది. అడుగున ఉక్కు పలకకు రాయి ఒరుసుకునే చప్పుడు నా పళ్లలో వినిపించేది. విడో మేకర్ అని ఈ దారి ఎరిగినవాళ్లు పిలిచే నిటారు గుట్ట దగ్గర అందరం దిగాం. ఎక్కాల్సిన గీతను కాళ్లతో నడిచి చూసుకున్నాం, గుంతల్లో రాళ్లు పేర్చాం. జీప్ తిన్నగా ఎక్కింది. ఫోర్ రన్నర్‌కు మూడో ప్రయత్నంలో దారి చిక్కింది. ఇక్కడ తొందరపడేవారు బండినే కాదు, కొండను కూడా పాడుచేస్తారు. చక్రాలు గిరగిరా తిప్పితే ఉన్న మట్టి కొట్టుకుపోయి, తర్వాత వచ్చేవారికి గుంత మిగులుతుంది.

ఇక గోడలు. భుజం ఎత్తున కొన్ని, నడుము ఎత్తున కొన్ని, పచ్చి ఇటుకలతో కట్టినవి. వంగి దగ్గరగా చూశాను. ఇటుకలో గడ్డి పోచ అంటుకుని ఉంది, చిన్న గులకరాళ్లు ఉన్నాయి. మా తాతగారి ఊళ్లో గోడకు మట్టి తొక్కేటప్పుడు వరిగడ్డి కలిపే తీరు గుర్తొచ్చింది. ముట్టుకోబోయి చేయి వెనక్కి తీసుకున్నాను, వేలు తగిలితే రాలిపోయేలా ఉంది. పైకప్పు ఎప్పుడో పోయింది. వాన పడిన ప్రతిసారీ ఈ గోడలు కొంత కరిగి నేలలో కలుస్తున్నాయి. కొందరు వాటి మీద కూర్చుని ఫొటోలు దిగుతారు. దయచేసి ఆ పని చేయకండి.

ఈ చోటును ఎంచుకోవడానికి కారణం నీళ్లు. 1766లో జెసూయిట్లు అనే క్యాథలిక్ సంఘపు గురువులు ముందు కలమహుయే అనే చోట మిషన్ పెట్టారు, అక్కడి నీళ్లలో లవణాలు ఎక్కువై పంట నిలవలేదు. మరుసటి ఏడు ఇక్కడికి మారారు. బాహాలో జెసూయిట్లు స్థాపించిన చివరి మిషన్ ఇదే, ఎందుకంటే అదే 1767లో స్పెయిన్ రాజు వాళ్లను తన రాజ్యం నుంచే వెళ్లగొట్టాడు. 1768లో ఫ్రాన్సిస్కన్లు అనే మరో క్యాథలిక్ సంఘపు గురువులు వచ్చారు. 1769 మేలో ఫ్రాన్సిస్కన్ గురువు హునిపెరో సెర్రా ఇటుగా ఉత్తరానికి వెళ్తూ వెలికతాలో కొత్త మిషన్ పెట్టాడు, జులైలో శాన్ డియేగో మిషన్‌ను స్థాపించాడు. నేను ఉంటున్న ఊరికి మొదలు ఈ దారినే నడిచి వచ్చిందని ఆ గోడల మధ్య నిలబడ్డాక గానీ నాకు ఒంట పట్టలేదు. ఆ ఇటుకలు కోసి మోసిన ఇక్కడి స్థానిక తెగ కొచిమీ ప్రజలను మాత్రం ఆ తర్వాతి దశాబ్దాల్లో అంటురోగాలు దాదాపు తుడిచిపెట్టాయి. వాళ్ల భాష ఇప్పుడు మాట్లాడేవారు లేరు. నన్ను ఎక్కువసేపు ఆపిన సంగతి అది. గోడల అవతల లోయలో తాటి జాతి చెట్లు, వాటి కింద సన్నటి నీటి పాయ ఇప్పటికీ ఉన్నాయి. విసనకర్ర ఆకులు గాలికి గలగలలాడుతుంటే అన్నం డబ్బాలు విప్పాం, పులిహోర తిన్నాం.

తిరిగి వచ్చేటప్పుడు ఒక పదునైన రాయి జీప్ టైరు పక్కగోడను చీల్చింది. అక్కడ అతుకు నిలవదు, టైరే మార్చాలి. ఇసుకలో జాకీ దిగబడకుండా కింద చెక్క పలక వేయాలని మిత్రుడు తెచ్చుకున్నందుకు అరగంటలో పని అయింది. యాంతేరా అని బోర్డు ఉంటే టైర్ల దుకాణమని అర్థం. ఉత్తరాన సాన్ కింతిన్‌లో వాడిన టైరు ఒకటి సరైన ధరకు దొరికింది.

మరుసటి రోజు దక్షిణాన సాన్ బోర్హా మిషన్ చూశాం. రోసారితో అనే ఊరి నుంచి 35 కిలోమీటర్ల మట్టి దారి. టిహువానా దగ్గర అదే పేరుతో మరో ఊరుంది, పొరబడకండి. 1762లో మొదలైన మిషన్ ఇది. డొమినికన్లు అనే మరో క్యాథలిక్ సంఘపు గురువులు 1801లో పూర్తిచేసిన రాతి చర్చి చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. లోపల మెలికలు తిరిగే రాతిమెట్లు, ద్వారాల మీద చెక్కడాలు, పక్కనే పాత మట్టి గోడలు, కాస్త దూరంలో గోరువెచ్చని ఊట. కొచిమీ వారసులైన ఒక కుటుంబం దాన్ని చూసుకుంటూ, వచ్చినవారికి ఓపికగా తిప్పి చూపిస్తుంది. చందా పెట్టెలో ఉదారంగా వేయండి, డాలర్ల కన్నా పెసోలు మేలు. ఎండిన రోజుల్లో, కాస్త ఎత్తున్న బండి అయితే ఫోర్ వీల్ డ్రైవ్ లేకున్నా ఇక్కడికి రావచ్చు. కళ్లకు కనబడేది, తెలుసుకునేది సాన్ బోర్హాలోనే ఎక్కువ. బాహాకు ఒక్కసారే వెళ్లగలిగేవారు అక్కడికే వెళ్లాలని నా సలహా. దారి మీద ప్రేమ, రెండు బండ్లు, మూడు రోజుల తీరిక ఉన్నవారు సాంటా మరియాకు వెళ్లండి, నవంబరు నుంచి మార్చి లోపల.

నవంబరులో అమ్మ గుంటూరు నుంచి వస్తోంది. ఆమెను సాన్ బోర్హాకు తీసుకెళ్తాం. దారిలో కటవీన్యా బండల దగ్గర ఆగాలని బావ ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేశాడు.