సెయింట్ కిల్డా పియర్: పెంగ్విన్లని చూపిస్తానని తీసుకెళ్తే...

అమ్మానాన్న మెల్‌బోర్న్ వచ్చిన దగ్గర్నుంచి "ఫ్రీగా పెంగ్విన్లు చూపిస్తా" అని వారం రోజులు ఊరించా, నాదే తప్పు, పాత వీడియోలు చూసి నమ్మేశా. జనవరిలో ఒక శనివారం సాయంత్రం ఇద్దరికీ ట్రామ్ టికెట్టుకి వాడే మైకీ కార్డు చెరొకటి కొని (ఖాళీ కార్డే 6 డాలర్లు, బ్యాలెన్స్ మళ్ళీ వేరే) సెయింట్ కిల్డా బీచ్‌కి 96 నంబర్ ట్రామ్ ఎక్కాం. ట్రామ్ సంగతి చెప్పడానికేం లేదు, హాయిగా దింపింది.

ఆకలేస్తోంది కదా అని పియర్ (సముద్రంలోకి కట్టిన పొడవాటి నడకదారి) ఎక్కకముందే రోడ్డు మీద ఒక షాపులో కూర్చున్నాం. అసలు మంట అక్కడ. నాకూ నాన్నకీ ఫిష్ అండ్ చిప్స్ ఒక్కోటి 21, శనివారం కాబట్టి అమ్మ చేప ముట్టదు, ఆవిడకి ఉత్త చిప్స్ 9, మూడు కాఫీలు 16.50. మొత్తం 67.50 అవ్వాలి కదా, బిల్లు 75.36 వచ్చింది! వీకెండ్ అని 10 శాతం, కార్డుతో కట్టినందుకు ఇంకో ఒకటిన్నర శాతం. ఆ మాట మెనూలో ఎక్కడో అడుగున చీమతలంత అక్షరాల్లో ఉంది. నాన్న మనసులో రూపాయల్లోకి మార్చేసి "నాలుగు వేలు పైనేరా, శనివారం తింటే ఫైనా?" అన్నారు. చిప్స్ మెత్తబడిపోయాయి, పైగా ఒక సీగల్ వచ్చి అమ్మ చేతిలోంచే ఒకటి లాక్కుపోయింది. "పులిహోర కలుపుతానంటే వద్దన్నావు" అని అక్కణ్ణుంచి పియర్ దాకా వింటూనే ఉన్నా. వెళ్ళేవాళ్ళు నిజంగానే డబ్బా కట్టుకెళ్ళండి.

పియర్ మాత్రం బావుంది. పాతది పాడైపోయిందని తీసేసి కొత్తది కట్టి 2024 డిసెంబర్‌లో తెరిచారు, సుమారు 450 మీటర్లు, వంపు తిరిగి ఉంటుంది, కూర్చోడానికి మెట్లు, టాయిలెట్లు అన్నీ ఉన్నాయి. నాన్న ఆర్ అండ్ బీలో చేసి రిటైరయ్యారు, సిటీ బిల్డింగులు వెనక ఎర్రబడుతుంటే అటు చూడకుండా వంగి కాంక్రీట్ జాయింట్లు చూస్తున్నారు. చివర్లో ఉన్న తెల్ల కియోస్క్ 1904 నాటిది, 2003లో తగలబడిపోతే పాత డ్రాయింగులు పట్టుకుని అలాగే మళ్ళీ కట్టారని చెప్తే "డ్రాయింగులు దాచారు చూడు, అదీ" అన్నారు. ఆ రోజు మొత్తంలో ఆయన మెచ్చుకున్నది అదొక్కటే.

ఇక పెంగ్విన్లు. 1956 ఒలింపిక్స్ పడవ పందేల కోసం వేసిన రాళ్ళకట్టలో అవి కాపురం పెట్టాయి. కోవిడ్ టైమ్‌లో సందర్శకుల్ని ఆపేశారు, మేం వెళ్ళినప్పుడు కూడా గేటుకి తాళమే. ఎనిమిదిన్నర దాటాక చీకటి పడేదాకా చలిగాలిలో నిలబడ్డాం (జనవరి అని నమ్మి జాకెట్ మానకండి), రాళ్ళ సందుల్లోంచి అరుపులు వినపడ్డాయి తప్ప ఒక్కటీ కనపడలేదు. అమ్మ చీర కొంగు చెవులకి చుట్టుకుని నా మొహం కూడా చూడట్లేదు.

వెనక్కి తిరుగుతుంటే కింద నీళ్ళ దగ్గర ఏదో కదిలింది. మూరెడు జంతువు, ముంగిసంత ఒళ్ళు, తోక చివర మాత్రం సున్నంలో ముంచినట్టు తెల్లగా. చిన్న పీతని రెండు చేతుల్తో పట్టుకుని డొప్ప పటుక్కున కొరికి, తీరిగ్గా తింటోంది. రకాలి అంటారు, ఇక్కడి నీటి ఎలుక. అమ్మ మాత్రం "పెంగ్విన్ అని చెప్పి పందికొక్కుని చూపించావురా" అని పగలబడి నవ్వింది. ఇంగ్లీషువాళ్ళ బాండికూట్ అన్న మాట మన పందికొక్కు నుంచే పుట్టింది, ఇక్కడ ఇంకేదో జంతువుకి ఆ పేరు పెట్టేశారు అని చెప్పబోయా, వినేదెవరు, అప్పటికే ఫోన్ తీసి వీడియో తీస్తోంది.

ట్రామ్‌లో పిన్నికి కాల్ చేసింది. సిటీ వచ్చేదాకా ఆ తెల్ల తోక గురించే.