ఫ్లోరినా, డ్యూకటా? సుత్తి దెబ్బకు ఏ బొమ్మ మేలు?

ఫ్లోరిన్, డ్యూకట్ ఇటలీ నగరాల పాత బంగారు కాసులు. రెండూ ఇంచుమించు మన రూపాయి బిళ్ళంతే ఉంటాయి. ఒక్కోటి మూడున్నర గ్రాముల మేలిమి బంగారం. ఫ్లోరెన్స్ వాళ్ళు 1252లో ఫ్లోరిన్ మొదలుపెడితే, వెనిస్ వాళ్ళు దాని బరువును, మేలిమిని చూసుకుని 1284లో డ్యూకట్ తెచ్చారు. బంగారంలో పెద్ద తేడా లేనప్పుడు ఏది మేలో బొమ్మలను చూసే చెప్పాలి.

అప్పట్లో కింది అచ్చును దిమ్మలో దిగగొట్టి, మీద బంగారు బిళ్ళ పెట్టి, పై అచ్చును చేత్తో పట్టుకుని సుత్తితో కొట్టేవారు. చెయ్యి కాస్త వంగిందా, బొమ్మ పక్కకు జరిగిపోతుంది. రెండో దెబ్బకు అచ్చు కదిలితే గీతలు జంటగా పడతాయి. అంచున ఉన్న అక్షరాలు సగం ఎగిరిపోవడం మామూలే. అలాంటి దెబ్బ తిన్నాక కూడా కాసును గుర్తుపట్టగలగాలి. నేను చూసేది అదే.

ఫ్లోరిన్‌కు ఒక వైపు లిల్లీ పువ్వు, రెండో వైపు నిలబడిన బాప్తిస్మమిచ్చు యోహాను. పువ్వు బిళ్ళ మధ్యలో పెద్దగా పరుచుకుని ఉంటుంది, రేకుల మధ్య నుంచి సన్నటి కేసరాలు పైకి లేస్తాయి. చుట్టూ ఖాళీ ఉంది కాబట్టి వంకరగా పడినా పువ్వు పువ్వే. హంగరీతో సహా యూరప్‌లో చాలాచోట్ల దీన్ని చూసి కాసులు కొట్టుకున్నారు.

డ్యూకట్‌లో అంత చిన్న చోట ముగ్గురు మనుషులు. ఒక వైపు సెయింట్ మార్క్ చేతి నుంచి వెనిస్ పాలకుడైన డోజ్ మోకరిల్లి జెండా అందుకుంటుంటాడు. రెండో వైపు బాదం గింజ ఆకారపు చట్రంలో నక్షత్రాల మధ్య క్రీస్తు. ఇరుకు వల్ల చాలా కాసుల మీద ముఖాలు నాలుగు చుక్కలుగా మిగిలిపోతాయి. అయినా దీని బలం దీనికుంది. 1797లో వెనిస్ రాజ్యం పోయేదాకా డోజ్ పేరు మారిందే తప్ప బొమ్మ దాదాపు మారలేదు. ఈ కాసులు మన దేశం దాకా వచ్చాయి, ఇక్కడ నగల కోసం నకళ్ళు కూడా చేశారు. వాటి మీద లాటిన్ అక్షరాలు ఉత్త గీతలైపోయినా, నిలబడినవాడు, మోకరిల్లినవాడు మాత్రం తెలుస్తూనే ఉంటారు.

ఇంగ్లండ్‌లో మూడో ఎడ్వర్డ్ 1344లో తెచ్చిన నోబుల్ అనే బంగారు కాసు మీద ఓడలో నిలబడిన రాజు బొమ్మ అద్భుతంగా ఉంటుంది. కానీ దాని బరువు వీటికి రెట్టింపు పైనే, అంత చోటున్న కాసును వీటితో పోల్చడం న్యాయం కాదు.

నమ్మకంగా చేతులు మారడానికి డ్యూకట్ మేలు. బొమ్మగా మాత్రం నా ఓటు ఫ్లోరిన్‌కే. యోహాను తల పక్కన ఒక బుల్లి గుర్తు ఉంటుంది చూడండి, అది టంకశాల అధికారిది. ఆరు నెలలకోసారి అధికారి మారేవాడు, గుర్తూ మారేది. కాసు మీద సంవత్సరం లేకపోయినా, చాలావాటిని ఏ ఆరు నెలల్లో కొట్టారో ఆ గుర్తుతోనే చెప్పగలుగుతున్నారు.